కోనసీమ ఇంట్లో సొంత రూటర్: కొన్నేళ్లు వాడాక

అమలాపురంలో కొన్న, రెండు రకాల వైఫై సిగ్నళ్లిచ్చే మామూలు డ్యూయల్ బ్యాండ్ రూటర్ ఇది. మోడల్ పేరుతో పనిలేదు, ఈ ధరలో దొరికేవాటిలో చాలావరకు ఇవే సెట్టింగులు ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండో గోడకే నీరసపడుతుంది. 2.4 మాత్రం పెరట్లో కొబ్బరిచెట్ల దాకా వస్తుంది. అంటే వీధిలోకీ, పక్కింటి అరుగు మీదకీ కూడా వెళ్తుందన్నమాట. అందుకే స్పీడు సంగతి ఇంతటితో ఆపి, భద్రత గురించి చెప్తాను.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది గెస్ట్ నెట్‌వర్క్, అంటే వచ్చినవాళ్లకి విడిగా ఇచ్చే వైఫై. మా వైపు ఇంటికొచ్చినవాళ్లు మంచినీళ్ల తర్వాత అడిగేది వైఫై పాస్‌వర్డే. సంక్రాంతికి చుట్టాలు దిగితే ఇక చెప్పక్కర్లేదు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఇస్తే అది వీధంతా తిరుగుతుంది. మార్చాలంటే టీవీ, ప్రింటరు, కెమెరాలు అన్నిటిలో మళ్లీ కొట్టాలి, ఆ బద్ధకంతోనే ఎవరూ మార్చరు. గెస్ట్ పేరు విడిగా పెట్టి, లోకల్ నెట్‌వర్క్ చూసే అనుమతి తీసేస్తే వాళ్లకి ఇంటర్నెట్ అందుతుంది, మన కెమెరాలు మాత్రం కనపడవు. పండగవ్వగానే ఆ ఒక్క పాస్‌వర్డ్ మార్చేస్తాను. "పోయినసారి ఇచ్చింది పనిచెయ్యట్లేదేంట్రా" అని మా అత్తయ్య ఏటా అడుగుతుంది.

చాలామంది వదిలేసేది ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన పెట్టెని. అది కూడా వైఫై ఇస్తుంటుంది. మా వీధిలో బిగించినతను అందరిళ్లలో ఒకటే పాస్‌వర్డ్ పెట్టి వెళ్లాడు. దాన్నలా ఉంచేసి కొత్త రూటర్‌ని కట్టుదిట్టం చేస్తే పెరటి తలుపు తీసిపెట్టి వీధి తలుపుకి తాళం వేసినట్టే. ఆ పెట్టె సెట్టింగుల పేజీలోకి వెళ్లి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాను, వైఫై ఆపేశాను.

పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్‌ని కూడా రూటర్ కొన్నరోజే ఆపేశాను. అందులోని ఎనిమిదంకెల పిన్‌ని రూటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టేదే. దాంతో కోటి కాదు, గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. వైఫై పేరు దాచిపెట్టడం లాంటివి నేను పట్టించుకోను, స్కాన్ చేసేవాడికి ఎలాగూ తెలిసిపోతుంది.

వైఫైకి వేసే తాళాల్లో కొత్త రకమైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే మా పాత ప్రింటరు కలవలేదు. పాత రకమైన డబ్ల్యూపీఏ2తో కలిపి వాడే మోడ్‌లో ఉంచాల్సొచ్చింది. డబ్ల్యూపీఏ2లో మీ ఫోను కనెక్టయ్యేటప్పుడు రూటర్‌తో జరిగే మాటామంతీని ఎవరైనా పట్టుకుని, తీరిగ్గా ఇంటికెళ్లి పాస్‌వర్డ్ ఊహించుకోవచ్చు. ఇంటిపేరు, ఫోన్ నంబరు అక్కడ నిలబడవు. సంబంధం లేని నాలుగైదు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి, 63 అక్షరాల దాకా పడుతుంది.

కువైట్‌లో ఉన్న మా తమ్ముడు ఇంటి కెమెరాలు చూస్తానన్నాడు. కెమెరా బిగించినతను రూటర్‌లో పోర్టు, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా లోపలికొచ్చే దారి, తెరుద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు. పోర్టు తెరిస్తే కెమెరా వీడియోలు దాచే డీవీఆర్ పెట్టె లాగిన్ పేజీ లోకమంతటికీ కనపడుతుంది. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో వదిలేసిన అలాంటి పెట్టెలనే 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ వాడుకుంది. డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చి, కంపెనీ యాప్‌తోనే చూడమన్నాను. కాస్త ఆలస్యంగా వస్తుందని వాడి గొణుగుడు.

ఫర్మ్‌వేర్, అంటే రూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ అవుతుండగా మధ్యలో కరెంటు పోతే రూటర్ పాడైపోవచ్చు. మా దగ్గర గాలివాన పడితే కరెంటు సంగతి తెలిసిందేగా, అందుకే మినీ యూపీఎస్‌కి తగిలించాకే అప్‌డేట్ నొక్కుతాను. నాకున్న పెద్ద అసంతృప్తి ఏంటంటే, ఈ మోడల్‌కి అప్‌డేట్లు రావడం ఆగిపోయింది, ఇకపై బయటపడే లోపాలని సరిచేసేవాళ్లుండరు. హార్డ్‌వేర్ భేషుగ్గా ఉన్నా ఇక మార్చక తప్పదు. కొత్తది కొనేటప్పుడు యాంటెన్నాలు లెక్కపెట్టకుండా, అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారని అడుగుతాను.