ఏడేళ్ల ఐ5-8600కే, వోల్టేజ్ నిలపలేని బోర్డు

ఈ ప్రాసెసర్‌కు ఎన్ని కోర్లు, ఎంత క్యాష్ అన్నది రాయను. అది డబ్బా మీదనే ఉంటది. నేను చెప్పేది బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరుచుకునే బోర్డు సెట్టింగులలో, ఉన్న ఒక్క లైను గురించి. దాన్ని అర్థం చేసుకునేటందుకు నాకు ఒక పెళ్లిళ్ల సీజన్ మొత్తం పట్టింది. ఒక స్టెబిలైజర్, ఒక జత ర్యామ్, ఇద్దరు గిరాకీలు పోయిన్రు.

నాది నల్లగొండల పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే చిన్న షాపు. క్లాక్ టవర్ నుంచి నడిచి పోయేంత దూరంలో, మేడ మీద రేకుల గది. 2018ల సికింద్రాబాద్‌ల కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి పోయి ఇంటెల్ ఐ5-8600కే ప్రాసెసర్, దానికి ఒక జెడ్370 మదర్‌బోర్డు తెచ్చిన. ప్రాసెసర్ మీద పెట్టిన పైసలకు బాధ లేదు. బోర్డు దగ్గర మాత్రం మూడు వేలు మిగులుతున్నయని కింది రకం తీసుకున్న. ఏ కంపెనీదో చెప్పను, అన్ని కంపెనీల కింది రకాలు ఇంచుమించు ఇట్లనే ఉంటయని తర్వాత తెలిసింది.

తెచ్చిన వారానికే ఆరు కోర్లనూ కంపెనీ పెట్టిన స్పీడ్ దాటించి 4.8 గిగాహెర్ట్జ్‌కు ఎక్కించిన, దీన్నే ఓవర్‌క్లాక్ అంటరు. వోల్టేజ్ 1.32 పెట్టిన. ప్రాసెసర్ బలం కొలిచే సినీబెంచ్ నడిచింది, ఆటలు నడిచినయి, రెండు చిన్న బర్త్‌డే వీడియోలు కూడా బయటికొచ్చినయి. ఇగ నా అంత మొనగాడు లేడనుకున్న. ఆ రోజుల్లో నన్నెవరు అడిగినా "కళ్లు మూసుకుని ఇదే తీసుకో అన్నా, బోర్డు చవకదైనా ఏం కాదు" అని చెప్పేటోణ్ణి. ఆ మాట నమ్మి కొన్నోళ్లు ముగ్గురున్నరు. వాళ్లు ఇది చదివితే, రెండో ముక్క వెనక్కి తీసుకుంటున్న.

మాఘమాసం ముహూర్తాలు మొదలైనంక అసలు కథ మొదలైంది. రెండున్నర గంటల పెళ్లి వీడియోను రెండర్‌కు, అంటే ఎడిటింగ్ అంతా కలిపి ఒక్క ఫైలు తయారయ్యేటందుకు, పెట్టి ఇంటికి పోతే, పొద్దున వచ్చేసరికి కంప్యూటర్ కొత్తగా ఆన్ అయి లాగిన్ దగ్గర కూసుంటుండె. ఒకసారి నీలి తెర, దాని మీద క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ అని. ఇంకోసారి ఏ తెరా లేదు, నల్లగా ఆగిపోయి ఉంది. ఒక దగ్గరనే ఆగితే ఆ క్లిప్పు చెడిపోయిందనుకుంటం. ఇది ఒకనాడు తలంబ్రాల కాడ ఆగె, ఒకనాడు అప్పగింతల కాడ ఆగె. పిల్ల తరఫోళ్లు పెన్‌డ్రైవ్ కోసం పొద్దున తొమ్మిదింటికే మెట్లెక్కి వస్తరు. వాళ్లకేం చెప్తం, ప్రాసెసర్ అలిగిందని చెప్తమా?

మా దగ్గర కంప్యూటర్లు రిపేర్ చేసే తమ్ముడొకడు వచ్చి చూసిండు. "వోల్టేజ్ ప్రాబ్లం అన్నా, మన కాడ లో వోల్టేజ్ ఉంటది కదా, స్టెబిలైజర్ పెట్టు" అన్నడు. 3,400 పెట్టి తెచ్చిన. ఆ రాత్రి కూడా ఆగింది. "అయితే ర్యామ్" అన్నడు. అది కూడా మార్చిన. వాని మీద నాకు కోపం లేదు. వాడన్న మొదటి మాట నిజానికి సరైనదే, వోల్టేజ్ ప్రాబ్లమే. కాకపోతే అది గోడలో లేదు. గోడ నుంచి వచ్చే కరెంటు 230 కాకుండా 200 ఉన్నా కంప్యూటర్ల ఉండే మంచి ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) దాన్ని 12 వోల్ట్‌లు చేసి ఇస్తనే ఉంటది. ఆ పన్నెండును ఒకటింపావుకు దింపి ప్రాసెసర్ నోట్లో పెట్టేది బోర్డు మీద సాకెట్ పక్కనున్న వీఆర్ఎం. కుంగింది అక్కడ.

ఎట్ల దొరికిందో చెప్త. ఒక రాత్రి ఇంటికి పోకుండా అక్కడనే కూసున్న. ఒక పక్కన రెండర్, ఇంకో పక్కన వేడి, వోల్టేజ్ చూపెట్టే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి వీకోర్ అనే వరుస మీద, అంటే ప్రాసెసర్‌కు అందే వోల్టేజ్ మీద, కళ్లు పెట్టిన. ఏ పనీ లేనప్పుడు 1.312. రెండర్ బటన్ నొక్కిన మరుక్షణం 1.216. నొక్కితే పడుతది, ఆపితే లేస్తది. పదిసార్లు నొక్కి చూసిన, పదిసార్లూ అంతే. నేను 1.32 ఇచ్చిన అనుకుంటున్న, పని పడే వేళకు దానికి అందేది దాదాపు వోల్ట్‌లో పదోవంతు తక్కువ. నా ప్రాసెసర్ 4.8 దగ్గర నిలబడాలంటే పని మీద ఉన్నప్పుడు కనీసం 1.25 కావాలి. ఆటలు వీడియో ఎన్‌కోడింగ్ అంత కరెంటు గుంజవు, అందుకే వాటిల్లో వోల్టేజ్ ఇంత కిందికి పోలేదు. ఎన్‌కోడింగ్‌లో ఏవీఎక్స్ అనే బరువైన ఆదేశాలు నడుస్తయి, కరెంటు వంద ఆంపియర్ల దరిదాపుకు పోతది, గొంతు అక్కడ ఎండుతది.

తెల్లారి ఆదివారం చండూరు దిక్కు మా ఊరికి పోయిన. మా నాయిన బత్తాయి తోట కాడ స్టార్టర్ డబ్బా ముందు నిలబడి తిడుతుండు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్నోని మోటార్ మంచిగ నడుస్తది, మాది లైను చివరన. నేను మాటల్ల మాట నా కంప్యూటర్ సంగతి చెప్పిన. ఆయనకు వీకోర్ తెల్వదు, గాని విని నవ్విండు.

"అందరి మోటార్లు ఒక్కపారి లేస్తే చివరోనికి గట్లనే కుంగుతది బిడ్డా. మోటార్ మూలుగుతది, నీళ్లు పైకి రావు. నువ్వు మీటర్ ఎప్పుడు చూసినవు? మోటార్లు బంద్ ఉన్నప్పుడా?"

బంద్ ఉన్నప్పుడే చూసిన. రెండు నెలలు అదే చూసిన. ఖాళీగ ఉన్నప్పుడు 1.31 కనపడితే చాలు, అంతా బాగుందనుకున్న.

ఇంకో మాట కూడా అన్నడు, అది అప్పుడు పట్టించుకోలే. "ఎక్కువ చేయించుకోకు మల్ల. రాత్రి అందరు మోటార్లు బంద్ పెట్టినంక సూడు, కొట్టంల బల్బు ఎట్ల మండుతదో. రెండు బల్బులు మాడినయ్ మొన్న."

తిరిగొచ్చి బయాస్ తెరిచిన. మొదట నాకు తోచింది మొరటు పద్ధతి, వోల్టేజ్‌నే 1.40కి పెంచుడు. రెండర్‌లో 1.28 దాకా నిలబడ్డది, వీడియో కూడా పూర్తయింది. కాని తేలిక పని చేస్తున్నంత సేపూ 1.39 మీద కూసుంటది. ఉత్త బ్రౌజర్ తెరిచినా ఫ్యాన్ గుర్రుమంటది. అది నాకు నచ్చలే, తగ్గించి 1.34కు తెచ్చిన.

అప్పుడు కనపడ్డది ఆ లైను, సీపీయూ లోడ్ లైన్ కాలిబ్రేషన్ (ఎల్‌ఎల్‌సీ). పని పడ్డప్పుడు వోల్టేజ్‌ను ఎంత కుంగనియ్యాలె, ఎంత బిగించి పట్టాలె అన్నది చెప్పేది ఇదే. అప్పటిదాకా ఆటో మీద ఉంది. దాని కింద 1 నుంచి 8 దాకా మోడ్‌లు. ఒక వీడియోలో చూసిన, 8 అంటే గట్టిది, 1 అంటే మెత్తది అని. జాగ్రత్తపరుణ్ణి కదా, మెత్తగా మొదలుపెడదామని 1 పెట్టిన. రెండర్ నొక్కిన. వీకోర్ పడకపోగా పైకి లేచింది, 1.376! నేనిచ్చింది 1.34. అరనిమిషంలో వేడి 98, ఆ వెంటనే 100. అక్కడ ప్రాసెసర్ తనంతట తనే స్పీడ్ తగ్గించుకున్నది గాని లేకపోతే ఏమయ్యేదో. చెయ్యి పోయి పవర్ బటన్ మీద పడ్డది. గదిల వేడి సోల్డర్ వాసన వచ్చిందని ఇప్పటికీ అనుకుంట, అది భయానికి వచ్చిన వాసన కూడా కావచ్చు.

సంగతేందంటే ఆ వీడియోల బోర్డు వేరే కంపెనీది. కొన్ని కంపెనీలకు పెద్ద అంకె గట్టిది, కొన్నిటికి 1 గట్టిది. నా బోర్డు రెండో రకం. బయాస్‌ల ఆ లైను పక్కన చిన్న గ్రాఫ్ బొమ్మ కూడా ఉన్నది, ఏ గీత ఎటు వంగుతదో చూపెడుతది. దాన్ని చూడకుండా మొబైల్‌ల వీడియో చూసిన. ఈ సమీక్షలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: మీ బోర్డులో ఏ అంకె ఎటు పోతదో ఆ బొమ్మలో చూసినంకనే చెయ్యి పెట్టండి.

తర్వాత చదువుకున్న, ఈ కుంగుడు తప్పు కాదట, కావాలనే పెట్టిందట. ఈ తరం ఆరు కోర్ల చిప్పులకు ఇంటెల్ లెక్క 2.1 మిల్లీ ఓమ్‌లు. అంటే వంద ఆంపియర్లు గుంజితే 0.21 వోల్ట్ తగ్గడం దాని లెక్క ప్రకారమే. ఆటో మీద నా బోర్డు అంతకంటే తక్కువే కుంగింది, పాపం దాన్ని నేను తిట్టిన తిట్లన్నీ న్యాయం కావు. ఎందుకు కుంగనిస్తరంటే, పని ఒక్కసారిగా ఆగినప్పుడు వీఆర్ఎం కాయిల్స్‌లో ఉన్న కరెంటు ఎటూ పోలేక వోల్టేజ్ రెప్పపాటులో వెయ్యోవంతు సేపు పైకి ఎగురుతది. ముందే కిందికి కుంగి ఉంటే ఆ ఎగురుడు మనం పెట్టిన అంకె దాటదు. కుంగకుండా బిగించి పెడితే, ఎగిరినప్పుడు అంకె మీదికి పోతది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఇది కనపడదు, వోల్టేజ్ ఎగుడుదిగుళ్లను గీతగా చూపే ఆసిలోస్కోప్ పెడితేనే దొరుకుతది. రాత్రి అందరు మోటార్లు బంద్ పెట్టినంక కొట్టంల మాడిన బల్బు గుర్తొచ్చింది. నాయిన చెప్పింది ఇదే కదా.

ఇప్పుడున్న ఈ ఎల్‌ఎల్‌సీ సుఖం పాతోళ్లకు లేదు. ఇంటెల్ పాత కోర్ టూ ప్రాసెసర్ల రోజుల్లో కొన్ని బోర్డుల మీద చిన్న రెసిస్టర్‌ను వెతికి, దాని మీద పెన్సిల్‌తో రాసేటోళ్లు. గ్రాఫైట్‌లో కరెంటు పారుతది, రెసిస్టర్ విలువ కొంచెం తగ్గుతది, వోల్టేజ్ చూసుకునే చిప్ మోసపోయి కుంగుడు తగ్గిస్తది. ఎక్కువైతే రబ్బరుతో తుడిచేసుడే. నాకు తెలిసిన ఒకాయన పక్క రెసిస్టర్ మీద గీసి బోర్డునే కాల్చుకున్నడు. ఆయన ముందు నా మోడ్ 1 కథ ఎన్నడూ చెప్పుకోలే.

రెండు రోజులు కూసుని ఒక్కో మెట్టు చూసుకుంట పోయిన. చివరికి మోడ్ 4, వోల్టేజ్ 1.31. రెండర్‌లో 1.264. కొంచెం కుంగుతది, కుంగనిచ్చిన. ఆ వారం మూడు పెళ్లిళ్లు, ఒక ఓణీల ఫంక్షన్ వరుసగా బయటికి వచ్చినయి. ఒక్కటి ఆగలే. ఆ తర్వాత కొన్నేళ్ల దాకా నీలి తెర ముఖం చూడలే. అంకెలు మార్చి పడుకుంటే పొద్దున పని అయి ఉండుడు, ఆ సంతోషం ఇంకే వస్తువు కొన్నా రాలే నాకు.

ఇగ కొంచెం చేదు కూడా రాయాలె. ఈ చిప్‌ల మూత కింద సోల్డర్ కాదు, పేస్ట్. వేడి తొందరగా బయటికి రాదు. జనవరిల 78 దగ్గర ఉండే రెండర్, మే నెలల మా రేకుల కింద 94, 95కు పోతది. బయట 44 ఉన్నప్పుడు ఏ కూలర్ పెట్టినా అది తీసుకునేది ఆ గాలినే. ఏసీ ఉన్నోళ్లు ఈ పేరా వదిలేయొచ్చు. నేను బయాస్‌లో రెండు ప్రొఫైళ్లు పెట్టుకున్న. ఎండకాలానిది 4.5, తక్కువ వోల్టేజ్. దసరా అయినంక మళ్ల 4.8ది. పొలానికి కార్తెలున్నట్టు నా కంప్యూటర్‌కు రెండు కాలాలు.

వీఆర్ఎం మీద కంపెనీ వేసిన అల్యూమినియం ముక్క పేరుకే ఉంది, వేలు పెడితే రెండు సెకండ్లు ఆగలేం. దాని మీదికి పాత కేబినెట్ ఫ్యాన్ ఒకటి జిప్ టైతో కట్టిన. చూసినోళ్లు నవ్వుతరు. మూడు వేలు మిగిలినయన్న కదా, అవి ఎటు పోయినయో అడగొద్దు.

అన్నిటికంటే ముఖ్యం, 4.8 ఇప్పుడు 4.8 కాదు. ఐదో ఏడు దాటినంక అదే వోల్టేజ్ మీద మళ్ల ఆగుడు మొదలైంది. 1.31ని 1.33 చేస్తే నడిచింది, ఇంకో ఏడాదికి అదీ చాలలే. ఇంకా పెంచబుద్ధి కాక 4.7కు దిగిన. మొదట్లో నేను పెట్టిన 1.40, ఆ మోడ్ 1 ముచ్చట దీని ఆయుష్షు తిన్నయా, లేక ఏడేళ్ల రేకుల వేడి తిన్నదా అంటే నేను తేల్చలేను.

లాభం ఎంత అని అడుగుతరు. ఏమీ ముట్టకుండా వదిలేస్తే ఆరు కోర్లూ పనిచేసేటప్పుడు ఇది 4.1 దగ్గర నడుస్తది. 4.8 అంటే పదిహేడు శాతం. యాభై నిమిషాల రెండర్ నలభై మూడు నిమిషాలకు వస్తది. సీజన్‌లో రోజుకు మూడు నాలుగు వీడియోలు తీసే నాకు అది అరగంట. నెలకొక వీడియో చేసేటోళ్లకు ఏడు నిమిషాల కోసం ఇంత తిప్పలు అక్కర్లేదు. పైగా హెచ్.264 వీడియోలకు ప్రాసెసర్‌లోనే వీడియోల కోసం ఉన్న క్విక్ సింక్ అనే భాగం వాడితే ఏ ఓవర్‌క్లాకూ లేకుండా ఇంతకంటే తొందరగా అయితది. క్వాలిటీ నా కంటికి కొంచెం తేడా ఉంటది, ముఖ్యంగా ఎర్ర పట్టుచీర మీద దీపాల వెలుతురు పడ్డ కాడ. గిరాకీ కంటికి మాత్రం ఏ తేడా ఉండదు, ఏడేళ్లలో ఒక్కరన్నా అడగలే.

మా తమ్ముని కొడుకు ఇంజనీరింగ్‌ల చేరిండు, "పెద్దనాయినా, ఆ కంప్యూటర్ నాకిస్తవా" అంటుండు. ఇస్త, 4.1 మీద పెట్టి. సెకండ్ హ్యాండ్‌లో ఇదే జత దొరికితే ప్రాసెసర్ తీసుకోమనే చెప్త, బోర్డు మాత్రం వీఆర్ఎం మీద చెయ్యి పెట్టి చూడకుండా తీసుకోవద్దు. నా అంత వేడి గది, నా అంత పని మీకు లేకపోతే ఇందులో సగం బాధలు మీకు రాకపోవచ్చు.

స్టెబిలైజర్ ఊర్ల అమ్మ ఫ్రిజ్‌కు పెట్టిన. అక్కడ మోటార్లు లేచినప్పుడల్లా టక్కుమంటది.