మిడ్ మార్కులా, ప్రాజెక్ట్ రూబ్రిక్కా, సర్వేనా: ఏది మేలు?

2014లో భారత్ ఇంజినీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపు ఒప్పందమైన వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్య దేశమైంది. అప్పట్నుంచి ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు కోరే ఇంజినీరింగ్ కాలేజీలకు సీవో, పీవో అటైన్‌మెంట్ లెక్కల టెన్షన్ పెరిగింది. సీవో అంటే ఒక సబ్జెక్టు అయ్యేసరికి, పీవో అంటే డిగ్రీ అయ్యేసరికి విద్యార్థికి రావాల్సినవి; అవి ఎంతమేరకు వచ్చాయన్నదే అటైన్‌మెంట్. పిల్లలు నేర్చుకున్నారని చూపడానికి మన డిపార్ట్‌మెంట్ల చేతిలో ప్రధానంగా మూడు దారులున్నాయి.

మార్కులు ఎలాగూ ఉంటాయి, కొత్తగా పని లేదు. మిడ్ పేపర్లో ఏ ప్రశ్న ఏ సీవోదో ముందే రాసుకుంటే క్లాసు ఎక్కడ తేలిపోయిందో ఎక్సెల్ షీటే చెబుతుంది. చిక్కంతా యూనివర్సిటీ పెట్టే ఎక్స్‌టర్నల్ పరీక్షతోనే. అఫిలియేటెడ్ కాలేజీకి సాధారణంగా సబ్జెక్టు మొత్తం మార్కే వస్తుంది, ప్రశ్నవారీ వివరం రాదు. ఆ ఒక్క అంకెనే సీవోలన్నిటికీ వేస్తారు. మొదటి యూనిట్ దంచేసి అయిదో యూనిట్ వదిలేసినా రెండింటికీ ఒకే అటైన్‌మెంట్! వెయిటేజీ ఎక్కువ దానికే కాబట్టి మిడ్‌లో కనిపించిన తేడా కూడా అందులో కలిసిపోతుంది. పేపర్ సులువుగా వచ్చిన ఏడాది అటైన్‌మెంట్ లెవెల్ 2 కాస్తా 3 అవుతుంది. దాన్ని మెరుగుదల అని రిపోర్టులో రాసుకుంటాం.

టీమ్‌వర్క్, కమ్యూనికేషన్, ఎథిక్స్ లాంటి పీవోలకు రాతపరీక్ష ఎటూ చాలదు. అక్కడ ఫైనలియర్ ప్రాజెక్టే దిక్కు. ఏం చేస్తే 1, ఏం చేస్తే 4 అని మాటల్లో రాసిపెట్టిన రూబ్రిక్ ఉండాలి. గైడ్ ఒక్కరే మార్కులు వేస్తే అందరికీ 4 పడుతుంది. గైడ్ కాని ఇద్దరు విడివిడిగా వేయాలి. అంతకుముందే ఒక పాత రిపోర్టును కలిసి దిద్ది, ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకోవాలి. ప్రాజెక్ట్ బయట కొన్నదైతే? రివ్యూలో చిన్న మార్పు చెప్పి అక్కడికక్కడే చేయమంటే తెలిసిపోతుంది. టైమ్ పడుతుంది, నిజమే.

సర్వే గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. హాల్ టికెట్ ఇచ్చే రోజు నింపించిన ఫారంలో అన్నీ ‘ఎక్సలెంట్’లే. మూడు నాలుగేళ్ల తర్వాత పూర్వ విద్యార్థులు రాసే నాలుగు వాక్యాలు మాత్రం పనికొస్తాయి.

చాలా కాలేజీలు డైరెక్ట్‌కి (మార్కులు, ప్రాజెక్ట్) 80, ఇండైరెక్ట్‌కి (సర్వేలు) 20 శాతం ఇస్తాయి. అది అలాగే ఉండనివ్వండి. ఆ 80లో ప్రాజెక్ట్ వాటా పెంచాలన్నదే నా మాట. సాంకేతిక పీవోలకు మిడ్ మార్కులు చాలు. ప్రతి సెమిస్టర్లో అన్ని పీవోలనూ లోతుగా కొలవబోకండి. ఈ ఏడాదికి మూడు తీసుకుని, వాటి రూబ్రిక్‌లు జూన్‌లోనే రాసి, మొదటి రివ్యూకి ముందే విద్యార్థుల చేతిలో పెట్టండి.