స్విమ్మింగ్ గాగుల్స్ రివ్యూ: మెరుపు చూసి 38 డాలర్లు తగలేశా

మావాడికి తొమ్మిదేళ్లు, ఇక్కడ సింగపూర్‌లో మా ఏరియా పబ్లిక్ పూల్‌లో వారానికి రెండు రోజులు క్లాస్. పోయిన టర్మ్‌లో మీట్ (ఈత పోటీ) ఉందంటే షాపుకెళ్లి నీలం మిర్రర్ కోటింగ్ ఉన్న రేసింగ్ గాగుల్స్ కొన్నా. బ్రాండ్ పేరూ షాపు పేరూ ఎందుకులెండి. షాపు అంకుల్ "కాంపిటీషన్ మోడల్, స్కూలింగ్ లాగా ఈదుతాడు చూడు" అన్నాడు, ఆ పేరు చెవిన పడగానే కార్డు తీసేశా.

తెలీనివాళ్లకి: జోసెఫ్ స్కూలింగ్, 2016 రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లై ఈత 50.39 సెకన్లలో కొట్టేసినోడు. వెనకాల అమెరికా దిగ్గజం ఫెల్ప్స్, చాడ్ లె క్లో, లాస్లో చే ముగ్గురూ ఒకే టైమ్, 51.14, ముగ్గురికీ సిల్వరే. ఈ దేశానికి అదే మొదటి ఒలింపిక్ గోల్డ్. 2008లో ఫెల్ప్స్ ఇక్కడికొచ్చినప్పుడు పక్కన కళ్లజోడుతో నిలబడి ఫొటో దిగిన పిల్లాడే వీడు.

సరే, మీట్ రోజు ఏమైందంటే, కొత్తవి కదా అని అప్పటిదాకా దాచి ఆరోజే పెట్టించా, డైవ్ కొట్టగానే కుడికన్ను నిండా నీళ్లు, వాడు సగం లేన్‌లో ఆగి లేన్ రోప్ పట్టుకుని సర్దుకుంటుంటే మిగతా పిల్లలు అవతల గోడ ముట్టేశారు. బయటికొచ్చాక చూస్తే కళ్లచుట్టూ ఎర్రగా రెండు గుండ్రాలు. ముక్కు దగ్గర బ్రిడ్జ్ ఒకటే సైజు, మార్చడానికి లేదు, రబ్బరేమో గట్టి. పైగా ఆ మిర్రర్ లెన్స్ ఎండకి పనికొస్తుంది, మాది కప్పు కింద పూల్, సాయంత్రం గోడే సరిగ్గా కనపడదు. ఇక రెండు వారాలకే లోపల మంచు పట్టినట్టు అయిపోయాయి, అది మాత్రం నా తప్పే, లోపలివైపు వేలితో తుడిచేవాణ్ణి, యాంటీఫాగ్ కోటింగ్ అలాగే పోతుందట.

మీట్ నుంచి ఇంటికొచ్చాక ఓదార్పుగా వాడికి స్కూలింగ్ లండన్ ఒలింపిక్స్ కథ చెప్పా. 2012లో 17 ఏళ్లు, 200 మీటర్ల బటర్‌ఫ్లై హీట్‌కి (మొదటి రౌండ్ రేసుకి) కాస్త ముందు నీ క్యాపూ గాగుల్సూ అప్రూవ్డ్ కావు, మార్చుకో అన్నారు, పిల్లాడి మనసు చెదిరిపోయింది, సెమీస్‌కి కూడా పోలేదు. మావాడు అంతా విని "అవి కూడా వాళ్ల నాన్నే కొన్నాడా?" అన్నాడు.

అన్నట్టు, టోక్యో ఒలింపిక్స్‌లో 100 బటర్‌ఫ్లై 53.12 చేసి హీట్స్‌లోనే ఆగిపోయినప్పుడు జనం అతన్ని అనని మాట లేదు, నాకు ఇప్పటికీ మంట. ఇక్కడ మగపిల్లలకి మిలటరీ సర్వీస్ తప్పదు, 2013లో అది వాయిదా దొరకబట్టే రియో దాకా అమెరికాలో ప్రాక్టీస్ సాగింది. అన్ని అడ్డంకులు దాటి గోల్డ్ తెచ్చినోడికా ఆ మాటలు? 2024లో రిటైరయ్యాడు.

ఇప్పుడు వాడుతున్నవి 14 డాలర్లవి, క్లియర్ లెన్స్, మెత్తటి సిలికాన్, డబ్బాలో మూడు సైజుల బ్రిడ్జ్‌లు. షాపులోనే స్ట్రాప్ తగిలించకుండా కంటికి ఒత్తి చెయ్యి తీసేయమన్నా, రెండు సెకన్లు పట్టుకుని నిలబడ్డాయి, అప్పుడు కొన్నా. మూడు నెలలైంది, చుక్క నీరు పోలేదు. నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది స్ట్రాప్‌కే, వారానికోసారి వదులైపోతుంది, క్లాస్‌కి ముందు మావాడు తల నా ముందు పెట్టి "నాన్నా, టైట్" అంటాడు.