కుర్చీ నుంచి నీళ్లదాకా: ఎర్ర సముద్రం, బొనేర్ డైవింగ్ అనుభవాలు

డైవింగ్‌కి ఎక్కడికి వెళ్తే బాగుంటుందని అడిగితే ఎవరైనా చేపల గురించి, పగడాల గురించే చెప్తారు. నడుము నుంచి కిందికి స్పర్శ లేని నాలాంటివాడికి ముందు తెలియాల్సింది వేరే ఉంది. చక్రాల కుర్చీకీ నీటికీ మధ్య ఎంత దూరం? ఎన్ని మెట్లు? పట్టుకునేవాళ్లకి పని వచ్చా? ఈజిప్టులోని ఎర్ర సముద్ర తీరాన్నీ, కరీబియన్‌లోని బొనేర్ దీవినీ నేను ఈ లెక్కతోనే చూశాను.

వికలాంగులకు ప్రత్యేకంగా డైవింగ్ నేర్పే పద్ధతి కొత్తదేం కాదు. కాలిఫోర్నియాలో హ్యాండీక్యాప్డ్ స్కూబా అసోసియేషన్ 1981లోనే మొదలైంది. మనకి ఏ జబ్బు ఉందన్నదాని కంటే నీళ్లలో మన పని మనం ఎంతవరకు చేసుకోగలం, ఆపదలో పక్కవాడికి సాయపడగలమా అన్నది వాళ్లు చూస్తారు. దాన్నిబట్టి ఎ, బి, సి స్థాయిలు ఇస్తారు. నాది బి. అంటే నాతో ఇద్దరు బడ్డీలు, అంటే తోడు డైవర్లు, దిగాలి. అందుకే ఏ డైవ్ సెంటర్‌కి రాసినా రెండో మనిషిని ఇస్తారా, దానికి విడిగా డబ్బు తీసుకుంటారా అని మొదటి ఉత్తరంలోనే అడుగుతాను. జవాబు నాన్చారంటే ఆ సెంటర్ పేరు కొట్టేస్తాను.

శిక్షణ స్విమ్మింగ్ పూల్‌లో మొదలవుతుంది. అక్కడ తెలిసొచ్చేది కాళ్ల సంగతి. కదలని కాళ్లు పైకి తేలిపోయి తల కిందికి వంగిపోతుంది. చీలమండలకి చిన్న సీసం బరువులు కట్టుకుని, కొంచెం కొంచెంగా మార్చుకుంటూ సరిచేసుకోవాలి. కాళ్లకి తొడిగే ఫిన్స్ (ఈత రెక్కలు) పని కూడా చేతులే చేయాలి కాబట్టి వేళ్ల మధ్య పొర ఉన్న గ్లవ్స్ వాడతాను. భుజాలు అలిసేకొద్దీ ట్యాంకులో గాలి కూడా త్వరగా ఖర్చవుతుంది.

ఎర్ర సముద్రంలో చాలాచోట్ల ఒడ్డు దగ్గర లోతులేని పగడపు మెట్ట ఉంటుంది. దాన్ని దాటించడానికి రిసార్టులు పొడవాటి జెట్టీలు కట్టాయి. దూరం నుంచి చూస్తే కుర్చీకి రాచబాటలా ఉంది గానీ, చెక్కల సందుల్లో ముందు చక్రాలు ఇరుక్కుంటూనే ఉన్నాయి. ఈ నీళ్లలో ఉప్పు నాలుగు శాతం దాకా ఉంటుంది, మామూలు సముద్రం కంటే ఎక్కువ. ఉప్పు నీళ్లలో ఒళ్లు ఎక్కువ తేలుతుంది కాబట్టి పూల్‌లో కుదిరిన బరువు ఇక్కడ చాలదు, ఇంకొంచెం సీసం కట్టాలి.

పడవలు మాత్రం నాకు నచ్చాయి. వెనక నీటి మట్టానికి దగ్గరగా ప్లాట్‌ఫాం ఉంటుంది. దాని అంచున కూర్చుని దొర్లితే చాలు, బీసీడీ (గాలి నింపి తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్) నీళ్లలోనే తొడుగుతారు. బయటికి రావడం దగ్గరే పేచీ. ఒక పడవలో కుర్రాడు ఏమీ అడక్కుండా చంకల కింద చేతులేసి ప్లాట్‌ఫాం మీదికి ఈడ్చేశాడు. మడమ గీరుకుపోయింది. స్పర్శ లేదు కదా, రాత్రి చూసుకునేదాకా తెలియలేదు. ఇలాంటి గాయాలు మానడానికి వారాలు పడతాయి. ఇంకో పడవలో పెద్దాయన "మిమ్మల్ని ఎలా పట్టుకోమంటారు?" అని అడిగి, కింద మందపాటి మ్యాట్ పరిచాడు. ఆ తర్వాత అన్ని రోజులూ ఆ పడవే. బాత్రూమ్ మాత్రం రెండింటిలోనూ నా కుర్చీ పట్టేది కాదు. దానికి భయపడి నీళ్లు తాగడం మానేయకండి. ఒంట్లో నీరు తగ్గితే డీకంప్రెషన్ (పైకి వచ్చేటప్పుడు ఒంట్లో గాలి బుడగలు ఏర్పడే జబ్బు) ముప్పు పెరుగుతుంది. మూత్రం సంచి ఏర్పాటు ఒడ్డునే చూసుకోవాలి. వెన్నులో దెబ్బ టీ6 (ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస) దగ్గర గానీ అంతకంటే పైన గానీ ఉన్నవాళ్లకైతే మూత్రాశయం నిండిపోయినా చాలు, రక్తపోటు ప్రమాదకరంగా పెరగొచ్చు. డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టరుతో ముందే మాట్లాడాలి.

బొనేర్‌లో గాలి దాదాపు ఎప్పుడూ తూర్పు నుంచే వీస్తుంది. అందువల్ల పడమటి తీరం ప్రశాంతంగా ఉంటుంది, రీఫ్ (పగడపు దిబ్బ) కూడా ఒడ్డుకు చాలా దగ్గర. రోడ్డు పక్కన పసుపు రాళ్లు కనిపిస్తే అక్కడ డైవ్ చేసే చోటు ఉన్నట్టు. మామూలు వాళ్లకి ఇది స్వర్గమే. నాకు మాత్రం ఆ రాళ్ల దగ్గర చేసేదేమీ లేదు, ఒడ్డంతా విరిగిన పగడపు ముక్కలు. చివరికి నేను దిగింది మా రిసార్ట్ సొంత జెట్టీ నుంచే. ఒంటి వేడిని అదుపు చేసుకోలేని వాళ్లకి అక్కడి వెచ్చని నీళ్లు పెద్ద వరం. ఎర్ర సముద్రం చలికాలంలో 22 డిగ్రీల దాకా పడిపోతుంది. బొనేర్‌లో ఇంకో మెలిక ఉంది: మెరైన్ పార్కులో డైవర్లు గ్లవ్స్ వేసుకోకూడదు. నాలా చేతులతో ఈదేవాళ్లు బయల్దేరకముందే కారణం రాసి అనుమతి అడగాలి.

గదుల విషయంలో "వీల్‌చైర్ యాక్సెసబుల్" అన్న ముక్కని నేను నమ్మను. బాత్రూమ్ తలుపు వెడల్పు, మంచం ఎత్తు టేపు పెట్టి ఫొటో తీసి పంపమంటాను. ఈజిప్టులో గది బాగుంది, కానీ డైవ్ సెంటర్‌కి దారి ఇసుకలోంచి. బొనేర్‌లో గది ఇరుకే, అయినా జెట్టీ దాకా సిమెంటు బాట ఉంది. ఆ ఒక్క బాట కోసం మళ్లీ వెళ్లమన్నా బొనేర్‌కే వెళ్తాను.

చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోండి. నేను ఆ ఖాళీలో చక్రాల బేరింగులు మంచినీళ్లతో కడిగి గ్రీజు పెట్టుకుంటాను. ఉప్పు పట్టిందంటే ఎయిర్‌పోర్టులో కుర్చీ మొరాయిస్తుంది.