ఫ్రాట్, సొరోరిటీ పిల్లల డ్రెస్సులు చూడాలంటే ఏ క్యాంపస్‌కి వెళ్ళాలి, ఎక్కడ దిగాలి

మా అన్నయ్య కూతురు ఇప్పుడు పన్నెండో క్లాసు, దానికి కాలేజీలు చూపిద్దామని డల్లాస్ నుంచి మేం ముగ్గురం కార్లో బయల్దేరాం. ఫీజులు, డార్ములు, లైబ్రరీల గురించి చాలామంది రాశారు కాబట్టి నేను వాటి జోలికి పోను, ఫ్రాటర్నిటీ (ఫ్రాట్) అంటే గ్రీకు అక్షరాల పేరుతో ఉండే కాలేజీ అబ్బాయిల క్లబ్బు, సొరోరిటీ అంటే అలాంటిదే అమ్మాయిలది, ఆ వాళ్ళు ఏ ఊళ్ళో ఎలా తయారవుతారు అన్నదే రాస్తా, ఎందుకంటే దారి పొడుగునా మా పిల్ల గోల అదే.

ముందు ఆక్స్‌ఫర్డ్, మిసిసిపీ. మిసిసిపీ యూనివర్సిటీ, ఓల్ మిస్ అంటారే, అది. వెళ్తే ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారమే వెళ్ళాలి, మామూలు రోజున చెట్లు తప్ప ఏం కనపడవు. క్యాంపస్ మధ్యలో గ్రోవ్ అని పదెకరాల తోట, మ్యాచ్ రోజు దాన్నిండా టెంట్లే, టెంట్లో షాండ్లియర్లు, వెండి ట్రేలు, పూలకుండీలు, అచ్చం మనూళ్ళో డబ్బున్నవాళ్ళ పెళ్ళి విడిదిలా ఉంటుంది. ఆ సెప్టెంబర్ ఎండలో, ఉక్కలో ఫ్రాట్ కుర్రాళ్ళు నేవీ బ్లూ బ్లేజరు, ఖాకీ ప్యాంటు, బో టై వేసుకుని చెమటలు కక్కుతూ నవ్వుతూ తిరుగుతున్నారు. అమ్మాయిలైతే ఎరుపో నీలమో పార్టీ డ్రెస్సు, హీల్స్ లేదా కౌబాయ్ బూట్లు, గడ్డిలో హీల్స్ దిగిపోతున్నా తగ్గేదేలే. ఎవరూ మ్యాచ్‌కి వచ్చినట్టు లేరు, సగంమంది అసలు స్టేడియంలోకే వెళ్ళరని పక్క టెంట్ పెద్దావిడ చెప్పి మా చేతిలో ఒక ప్లేటు కూడా పెట్టింది. ముక్కూ మొహం తెలీనివాళ్ళకి తిండి పెట్టడంలో ఈ దక్షిణాది వాళ్ళకి నూటికి నూరు మార్కులు.

కానీ ఉండటానికి మాత్రం ఆక్స్‌ఫర్డ్ వద్దు. మ్యాచ్ వీకెండ్‌లో ఊళ్ళో హోటళ్ళు చాలావరకు రెండు రాత్రులు తీసుకుంటేనే ఇస్తాయి, రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఊరి బయట ఒక మోటెల్లో దిగాం, ఏసీ ఆన్ చేస్తే లారీ స్టార్ట్ చేసినట్టు శబ్దం, బ్రేక్‌ఫాస్ట్ అని రాసి పెట్టి కాఫీ ఒక్కటే ఇచ్చారు, దానికి ఫైవ్ స్టార్ డబ్బులు. బేట్స్‌విల్‌లోనో టుపెలోలోనో ఉండి పొద్దున్నే కార్లో రండి. ఫ్లైట్లో వచ్చేవాళ్ళకి మెంఫిస్ దగ్గర, అక్కణ్ణుంచి గంటన్నర డ్రైవ్. స్టేడియంలోకి వెళ్ళేవాళ్ళు 12x6x12 అంగుళాలు దాటని ట్రాన్స్‌పరెంట్ బ్యాగే తీసుకెళ్ళాలి, మామూలు హ్యాండ్‌బ్యాగ్ ఉంటే గేటు దగ్గరే ఆపేస్తారు. శాకాహారులు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, బీన్స్, ఆకుకూర అని మెనూలో చూసి ఆర్డర్ ఇచ్చేయొద్దు, చాలాచోట్ల అందులో పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు, అడిగి తినండి.

తర్వాత టస్కలూసా, అలబామా యూనివర్సిటీ. 2021 ఆగస్టులో టిక్‌టాక్‌లో బామా రష్ అని ఊగిపోయిందే, ఆ ఊరే. బామా అంటే అలబామా, రష్ అంటే సొరోరిటీలు కొత్తవాళ్ళని ఎంచుకునే తంతు. ఈ డ్రెస్ ఫలానా షాపు, ఈ చెవి రింగులు కెండ్రా స్కాట్ అని అమ్మాయిలు లిస్టు చదివేవాళ్ళు. రష్ టైములో ఏటా రెండు వేలమందికి పైగా అమ్మాయిలు వారంపైగా సొరోరిటీ ఇళ్ళన్నీ తిరుగుతారు, రోజు మారేకొద్దీ బట్టలు మారతాయి, మొదట్లో టీషర్టు, షార్ట్స్, చివరి రౌండుకి కాక్‌టెయిల్ డ్రెస్సు. ఎవరు ఏ సొరోరిటీకి ఎంపికయ్యారో తెలిసే బిడ్ డే రోజున బ్రయంట్-డెన్నీ స్టేడియంలో కవర్లు విప్పుకుని ఎవరి హౌస్‌కి వాళ్ళు పరుగెత్తడం ఒక తంతు.

మేం వెళ్ళింది మామూలు వారం మధ్యలో, అందుకని వేరే అవతారం చూశాం. మోకాళ్ళ దాకా వచ్చే కంఫర్ట్ కలర్స్ టీషర్టు, దాని కింద షార్ట్స్ ఉన్నాయో లేవో తెలీదు, తెల్ల షూస్, అంతే. ప్రతి ఈవెంటుకీ ఒక టీషర్టు అచ్చేయిస్తారు కాబట్టి బీరువా నిండా అవేనట. "బాబాయ్, వీళ్ళందరూ ఒకే కొట్లో కొన్నారా?" అంది మా పిల్ల, నాకూ అదే డౌటు. అబ్బాయిలది చేపలు పట్టేవాళ్ళు వేసుకునే కొలంబియా షర్టు, పొట్టి షార్ట్స్, మెడలో తాడుకి కళ్ళజోడు. మ్యాచ్ రోజు వీళ్ళలోనూ బ్లేజర్లు, టైలు వస్తాయి, 1958 నుంచి 1982 దాకా ఇక్కడి ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్న బేర్ బ్రయంట్ టోపీ మీద ఉండే హౌండ్స్‌టూత్ గళ్ళు ఇప్పటికీ స్కార్ఫుల మీద, డ్రెస్సుల మీద కనిపిస్తాయి.

సొరోరిటీ ఇళ్ళు మాత్రం చూసి తీరాల్సిందే, స్తంభాలూ అవీ కోటల్లా ఉంటాయి, అయితే బయటినుంచే. నల్లజాతి అమ్మాయిల్ని పక్కన పెడుతున్నారని స్టూడెంట్ పేపరు క్రిమ్సన్ వైట్ రాసి దుమారం రేగింది 2013లో, అంటే మొన్నమొన్నటి మాట. ఆ వీధిలో నడుస్తుంటే ఆ సంగతి నాకు బుర్రలో తిరుగుతూనే ఉంది, పిల్లకి కూడా చెప్పా. గుడికి వెళ్ళాలనుకుంటే బర్మింగ్‌హామ్ పక్కన పెల్హమ్‌లో ఉంది. రూముల రేట్లు వారం మధ్యలో ఆక్స్‌ఫర్డ్ మీద చాలా నయం.

అన్నయ్య కారు తీసుకుని వెనక్కి వెళ్ళిపోయాడు, మేమిద్దరం టస్కలూసాలోనే ఆమ్‌ట్రాక్ క్రెసెంట్ రైలు ఎక్కాం, మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దున వాషింగ్టన్, ఎక్కడా మారక్కర్లేదు. మామూలు సీట్లే అయినా కాళ్ళు చాపుకోవచ్చు. పులిహోర కట్టుకెళ్తే ఇంకా హాయి.

ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ మనకి ఇంటి పక్కనే కాబట్టి ఇదివరకే చూశాం, ఒక్క ముక్క చెప్తా. వాళ్ళ రంగు బర్న్ట్ ఆరెంజ్, కౌబాయ్ బూట్లు అందరికీ తెలిసినవే. మనవాళ్ళకి పనికొచ్చేది వేరే, సౌత్ ఏషియన్ ఫ్రాటర్నిటీ డెల్టా ఎప్సిలాన్ సై, సొరోరిటీ కప్పా ఫై గామా రెండూ 1998లో అక్కడే పుట్టాయి. గ్రీకు అక్షరాలు కుట్టిన జాకెట్ వేసుకున్న తెలుగు పిల్లలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. వెస్ట్ క్యాంపస్‌లో పార్కింగ్ కోసం తిరగడం మాత్రం నరకం.

నా ఓటు వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లలు ఎక్కువగా చదివే హోవర్డ్ యూనివర్సిటీకి. మిగతాచోట్ల బట్టల్ని బట్టి మనిషి ఏ హౌసో చెప్పలేం, ఇక్కడ వంద అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. 1908లో ఇక్కడే పెట్టిన ఆల్ఫా కప్పా ఆల్ఫావి గులాబీ, ఆకుపచ్చ రంగులు, ముత్యాలు, కమలా హ్యారిస్ ఆ సొరోరిటీయే. 1913 నాటి డెల్టా సిగ్మా తీటాది ముదురెరుపు, క్రీము. 1911లో వచ్చిన ఒమేగా సై ఫై కుర్రాళ్ళు ఊదా, బంగారు రంగు, బూట్లకి కూడా బంగారు రంగు పూస్తారు. ఇంకా ఆ జాకెట్లు కొనుక్కుంటే వచ్చేవి కాదు, మెంబరు కాకుండా ఆ అక్షరాలు వేసుకుంటే మర్యాదగా ఉండదు. మా పిల్ల షాపులో ఒకటి పట్టుకుంటే నేనే పక్కన పెట్టించా. క్యాంపస్ మధ్యలో యార్డ్ అనే మైదానంలో ఒక్కో సంస్థకి ఒక్కో జాగా ఉంటుంది, వాళ్ళ రంగులు వేసిన చెట్టుతో సహా, కుర్రాళ్ళు వరసగా స్టెప్పులేస్తూ స్ట్రోల్ చేస్తుంటే అరగంట అలాగే నిలబడిపోయాం.

కారు అక్కర్లేదు, మెట్రో గ్రీన్ లైన్‌లో షా-హోవర్డ్ స్టేషన్లో దిగి నడవడమే. మెట్రో అందే చోట మేరీలాండ్ వైపు రూమ్ తీసుకుంటే చవగ్గా వస్తుంది. బట్టలు, స్టెప్పులు అన్నీ ఒకేసారి చూడాలంటే అక్టోబర్‌లో పాత విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్‌కి వెళ్ళండి, రూమ్ మాత్రం వేసవిలోనే బుక్ చేసుకోండి.