క్లాసుల లైవ్ క్యాప్షన్లు: రెండేండ్లు వాడినంక నా మాట

నేను నల్గొండల డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్త. రెండేండ్ల కింద ఫస్టియర్‌ల ఒక అమ్మాయి చేరింది, చెవికి మెషిన్ పెట్టుకుంటది గానీ ఫ్యాన్ల చప్పుడుల మాట తేలదు, మన పెదవులు చూసే సగం అర్థం చేసుకుంటది. నేనేమో బోర్డు దిక్కు తిరిగి రాసుకుంటనే మాట్లాడేదాన్ని. రెండో వారం ఆమె వచ్చి చెప్పేదాంక నాకు తెల్వనే లేదు, చాలా బాధైంది. అప్పటి సంది పవర్‌పాయింట్‌ల సబ్‌టైటిల్స్ పెట్టే చెప్తున్న, అంటే నేను మాట్లాడేది అప్పటికప్పుడు తెర మీద అక్షరాలల్ల వస్తది.

స్లైడ్ షో ట్యాబ్‌ల 'ఆల్వేస్ యూజ్ సబ్‌టైటిల్స్' టిక్ పెడితే చాలు, షో నడుస్తుంటే కీబోర్డుల జె (J) నొక్కితే ఆగుతయి, మళ్ల నొక్కితే వస్తయి. మొదట్ల స్లైడ్ కింద పెట్టిన, ముందు బెంచీలోళ్ల తలకాయలు అడ్డమొచ్చినయి. ఇప్పుడు స్లైడ్ పైన వేరే పట్టీ లెక్క వచ్చేటట్టు పెట్టుకున్న, స్లైడ్ కొంచెం చిన్నగైతది గానీ రాసింది కప్పేయదు. ల్యాప్‌టాప్ మైక్‌ను మాత్రం నమ్మొద్దు, టేబుల్ దాటి రెండడుగులేస్తే ఏదేదో రాస్తది. కాలర్ మైక్ పెట్టుకున్నంక తేడా నాకే కాదు పిల్లలకు గూడ తెలిసింది.

అసలు కష్టం మన మాటతోటే. నేను ఇంగ్లీషుల మొదలువెట్టి నడుమ తెలుగులకు పోత, అందరం గట్లనే చెప్తం గదా, క్యాప్షన్ ఆడనే ఆగమైతది. అందుకే ఇంగ్లీషుల చెప్పేటప్పుడు పవర్‌పాయింట్, తెలుగుల చెప్పేటప్పుడు ఫోన్‌ల గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ (మాట విని అక్షరాలల్ల రాసే యాప్) తెలుగుల పెట్టి ఆమె బెంచీ మీద ఉంచుత. ఒకసారి మన నల్గొండ టెక్నిక్ చెప్తున్న, ఫ్లోరైడ్ నీళ్లల్ల సున్నం, పటిక కలిపి తేర్చుడు, బ్లీచింగ్ పౌడర్ గూడ వేస్తరు. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని చెప్పి పక్క స్లైడ్‌కు పోయిన. ఆ అమ్మాయి చెయ్యెత్తి "మేడమ్, సున్న వేయాలె అంటే ఏం వేయొద్దనా?" అని అడిగింది. ఫోన్ సున్నాన్ని సున్న అని రాసింది! ఆమె నోట్సుల గూడ గుండ్రంగ 0 వేసుంది. మా జిల్లాల ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర పోయినోళ్లను చూసినోళ్లం, గా పాఠంలనే గిట్ల తప్పు పోతే ఎట్ల?

ఆ రోజు నుంచి ముఖ్యమైన మాట ఏదైనా స్లైడ్ మీద పెద్దగ రాసి, వేలు పెట్టి చూపిచ్చి చెప్తున్న. స్లైడ్లు గూడ ఒకరోజు ముందే ఇస్త, ఎందుకంటే పైన చదువుకుంటనే కింద రాసుకోవాలంటే ఎవ్వరితోని కాదు, లైన్ పోతే మళ్ల రాదు. వెనక నుంచి ఎవరన్న డౌట్ అడిగితే కాలర్ మైక్‌కు అందదు, ఆ ప్రశ్న నేనే మళ్ల చెప్పాలె. ఇంక నెట్ పోతే సబ్‌టైటిల్స్ గూడ పోతయి, నా ఫోన్ హాట్‌స్పాట్ ఎప్పుడు రెడీగ ఉంటది.

నేను అనుకోనిది ఏందంటే దేవరకొండ, చండూరు దిక్కు నుంచి వచ్చే తెలుగు మీడియం పిల్లలు గూడ ఆ పట్టీ చూసి స్పెల్లింగులు రాసుకుంటున్నరు. ఒకరోజు మర్చిపోయి ఆన్ చేయకపోతే వాళ్లే గుర్తు చేసిన్రు.

ల్యాబ్‌ల మాత్రం ఇంకా తిప్పలే. నల్లాల చప్పుడు, గాజు సామాన్ల చప్పుడు, పదిమంది ఒక్కసారే మాట్లాడుడు, ఫోన్‌కు ఏం పట్టదు. ఆడ ఇప్పటికీ ఆమె ముంగట నిలబడి, ముఖం చూపిచ్చి, చీటీ మీద రాసే చెప్తున్న.