అదాలత్ దగ్గరి బైండింగ్ దుకాణం, నా లెర్నెడ్ హ్యాండ్ నోట్సు

హనుమకొండ అదాలత్ సెంటర్ దగ్గర, జిరాక్స్ దుకాణాల వరుస చివర, మెట్ల కింద ఒక బైండింగ్ దుకాణం ఉంది. బోర్డు లేదు. గోడకు ఆనించి ఆరబెట్టిన అట్టలే గుర్తు. ఇరవై రెండేళ్లుగా మోటారు ప్రమాదాల పరిహారం కేసులు వాదిస్తున్నాను. నా కాగితాలన్నింటిలో నాకు ప్రాణమైనవాటిని ఈ దుకాణంలో ఇచ్చాను.

అవి అమెరికా జడ్జి లెర్నెడ్ హ్యాండ్ తీర్పుల మీద నేను రాసుకున్న నోట్సు. ఆయన 1872లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పుట్టారు. 1909లో, 37 ఏళ్ల వయసులో ఫెడరల్ జిల్లా జడ్జి అయ్యారు. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఒక పత్రికను పోస్టులో పంపనివ్వని అధికారిని అడ్డుకుంటూ ఉత్తర్వు ఇచ్చారు. పై కోర్టు దాన్ని కొట్టేసింది. పదోన్నతి మీద కన్నున్న మనిషి రాసే తీర్పు కాదది. 1924లో జిల్లా కోర్టుల పైనుండే రెండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు వెళ్లారు. సుప్రీంకోర్టు మెట్లు మాత్రం ఎక్కలేదు. 1961లో, 89వ ఏట కన్నుమూశారు. ఆయన తీర్పులు అమెరికా లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠాలే.

2023 జులై వానలకు మా ఇంట్లోకి నీళ్లొచ్చి నోట్సు కింది అరలో తడిసింది. ఆరబెట్టి, ముందు వేరే చోట బైండింగ్‌కు ఇచ్చాను. వెన్నుకు జిగురు పూసి అట్ట అతికించి ఇచ్చారు. నెల తిరగకముందే పేజీలు ఊడి చేతికొచ్చాయి. అడిగితే, "ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తున్నారు మేడమ్" అన్నారు.

ఆ మాటకు హ్యాండ్ 1932లోనే జవాబు రాశారు. 1928 మార్చిలో న్యూజెర్సీ తీరంలో తుపానుకు రెండు బొగ్గు పడవలు మునిగాయి. వాటిని లాగుతున్న టగ్గు పడవల్లో పనిచేసే రేడియోలు లేవు. ఉంటే వాతావరణ హెచ్చరిక విని ఏదో ఒక రేవులో ఆగేవారు. రేడియో పెట్టుకోవడం ఇంకా అందరికీ అలవాటు కాలేదన్నది యజమానుల వాదన. వృత్తి మొత్తం వెనకబడి ఉండవచ్చు, ఎంత జాగ్రత్త చాలునో చివరికి తేల్చేది కోర్టు అని హ్యాండ్ అన్నారు. గొలుసులు సరిగా బిగించకుండా గ్రానైట్ దిమ్మెలు మోసే లారీల కేసుల్లో "అందరూ ఇలాగే తీసుకెళ్తారు" అన్న మాట వినిపించినప్పుడల్లా నాకు ఆ టగ్గు పడవలే గుర్తొస్తాయి.

ఈ దుకాణం పెద్దాయన నా కట్టను అరగంట తిరగేశారు. పాత జిగురు గీకి, పేజీలను చిన్న చిన్న కట్టలుగా పేర్చి, ఆరెతో చిల్లులు పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టారు. అంచులు చిరిగిన చోట పల్చని కాగితం అతికించారు. మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతుంటే ఎందుకని అడిగాను. "పురుగు పట్టకుండా అమ్మా, మీ మనవలు చదవాలి కదా" అన్నారు. పైన ముదురు ఎరుపు కాలికో గుడ్డ.

ఒక పొరపాటు జరిగింది. మన కోర్టుల్లో ప్రతి జడ్జీ 'లెర్నెడ్' (పండితుడైన) జడ్జే కాబట్టి, పెద్దాయన దాన్ని బిరుదనుకుని వెన్ను మీద ఆ మాటను చిన్నగా, 'హ్యాండ్'ను పెద్దగా అచ్చు వేశారు. అదీ పేరులో భాగమేనని, మొదట ఉన్న 'బిల్లింగ్స్'ను హ్యాండే వదిలేసుకున్నారని చెప్పాను. మారు మాట్లాడకుండా వెన్ను గుడ్డ మార్చి, రెండూ ఒకే సైజులో బంగారు అక్షరాలతో మళ్లీ వేశారు. అదనంగా రూపాయి అడగలేదు.

312 పేజీలకు 380 రూపాయలు తీసుకున్నారు. తొమ్మిది రోజులు పట్టింది. తెల్లారితే వాయిదా అన్నవాళ్లు ఇక్కడికి రావద్దు, ఆయన తొందరపడరు, తొందరపెట్టడం న్యాయమూ కాదు. జీవితాంతం తిప్పుకునే కాగితాలైతే కళ్లు మూసుకుని ఇవ్వండి. ఇప్పుడు టగ్గు పడవల తీర్పు దగ్గర తెరిచి బల్ల మీద పెడితే, చేత్తో నొక్కకుండానే పుస్తకం తెరుచుకుని ఉంటోంది. మా జూనియర్ అమ్మాయి దాన్ని పక్కన పెట్టుకునే వాదన రాసుకుంటోంది.

ఇచ్చే ముందు పేజీలకు పెన్సిలుతో నంబర్లు వేసుకోండి. ఆదివారం దుకాణం తెరవరు.